దాతలు పదకొండు మంది, ప్రణాళిక ఒకటి: ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకూ ఇది. మీ శాఖకు పదకొండు అంతర్జాతీయ సంస్థలు సాయం చేస్తున్నాయి. అందరూ తమ ప్రాజెక్టు జాతీయ ప్రణాళికకు అనుగుణంగానే ఉందంటారు, పని మాత్రం ఎవరికి వారే. మిమ్మల్ని కొత్తగా సమన్వయ విభాగంలో వేశారు. ఒక సమన్వయ కమిటీ వేస్తే సరిపోతుందని మీ పై అధికారి అంటున్నారు. అది చాలా, చాలకపోతే ముందు ఏం చేయాలి అని అడిగారు.

చాలదు. కమిటీ వేయండి, కానీ చివర్లో వేయండి. ముందు మూడు పనులున్నాయి. ఎవరు ఎంత డబ్బు ఎక్కడ పెడుతున్నారో మీ ఆర్థిక సంవత్సరం ప్రకారం ఒకే షీటు మీదికి తీసుకురండి. ప్రణాళికను ఖరీదు వేసి, వరుస పెట్టిన చిన్న జాబితాగా మార్చండి. జాబితాలో లేనిదాన్ని వద్దనే అధికారం ఒకే టేబుల్‌కి ఇప్పించండి. ఈ మూడూ లేకుండా కమిటీ వేస్తే మూడు నెలలకోసారి పదకొండు పవర్‌పాయింట్లు చూసి, టీ తాగి, ఫొటో దిగి వస్తారు. నేను అలాంటివి లెక్కలేనన్ని చూశాను. కొన్నింటికి మినిట్స్ రాసింది కూడా నేనే.

నేను ఈ పనిలో పద్దెనిమిదేళ్లున్నాను. మొదట ప్రభుత్వం వైపు, ఆర్థిక శాఖలో బయటి సాయం చూసే విభాగంలో. తర్వాత దాతల వైపు. రెండు కుర్చీల్లోనూ కూర్చున్నాను కాబట్టి రెండు వైపులా ఎవరు ఎప్పుడు అబద్ధం చెప్తారో కొంత తెలుసు.

ముందు ఆ "అనుగుణంగా ఉంది" అనే మాట సంగతి. ప్రతి ప్రాజెక్టు పత్రంలోనూ జాతీయ ప్రణాళికతో పొంతన గురించి ఒక పేరా ఉంటుంది. దాతల వైపు ఉన్నప్పుడు ఆ పేరా నేను కనీసం ముప్పైసార్లు రాసి ఉంటాను. ఎలా రాసేవాడినో చెప్తాను. ప్రాజెక్టు ఏమిటో మా హెడ్ ఆఫీసులో అప్పటికే తేలిపోయి ఉండేది. ప్రణాళిక పీడీఎఫ్ తెరిచి, వెతికే పెట్టెలో "యువత" అనో "నైపుణ్యం" అనో కొట్టేవాడిని. ఏదో ఒక పేజీలో దొరికేది. ఆ పేజీ నంబర్ వేసి, ఈ ప్రాజెక్టు ప్రభుత్వ లక్ష్యాలకు నేరుగా తోడ్పడుతుందని రాసేవాడిని. పది నిమిషాల పని. ఒక్కసారి కూడా వెతికిన మాట దొరకలేదన్న సమస్య రాలేదు.

తప్పు దాతలది మాత్రమే అనుకోకండి. మూడొందల పేజీల ప్రణాళికలో వ్యవసాయం నుంచి అంతరిక్షం దాకా అన్నీ ముఖ్యమే అని రాస్తే, ఎవరు ఏం తెచ్చినా దానిలో ఇమిడిపోతుంది. అన్నీ ప్రాధాన్యాలే అయిన చోట ఏదీ ప్రాధాన్యం కాదు. మీ శాఖ ప్రణాళికకు ఒక చిన్న పరీక్ష పెట్టి చూడండి. "ఈ ఏడాది డబ్బు లేక ఆగిపోయిన మొదటి ఐదు పనులు ఏవి, ఒక్కోదానికి ఎంత కావాలి?" అని ముగ్గురు అధికారుల్ని విడివిడిగా అడగండి. ముగ్గురూ ఒకే ఐదు చెప్తే మీరు అదృష్టవంతులు. మా దగ్గర ముగ్గురూ కలిసి పద్నాలుగు చెప్పారు.

ఆ జాబితా చేయడమే అసలు కష్టం. "ఏది ముఖ్యం?" అని అడిగితే ఎవరూ ఏదీ వదలరు. మేం ప్రశ్న తిప్పి అడిగాం: "మీరు కోరినదాంట్లో సగమే వస్తే దేన్ని వదులుకుంటారు?" రెండు వారాలు ఒకటే వాదనలు, అలకలు. ఒక డైరెక్టర్ గారు నాతో చాలాకాలం మాట్లాడలేదు. కానీ చివరికి అరవై చిల్లర పనులు పందొమ్మిదికి దిగాయి. ప్రతిదానికీ రెండు అంకెలు వేశాం: కట్టడానికో కొనడానికో ఎంత, ఆ తర్వాత ఏటా నడపడానికి ఎంత. ఆ రెండో అంకె విలువ ఏమిటో కాసేపట్లో చెప్తాను.

ఇక షీటు. వినడానికి గుమాస్తా పనిలా ఉంటుంది. ఉద్యోగం మొత్తంలో నాకు ఎక్కువ ఉపయోగపడింది ఇదే. ఒక్కో సంస్థనీ "మా శాఖలో ఎంత ఖర్చు పెడుతున్నారు?" అని అడిగితే అంకె వెంటనే వస్తుంది. కానీ ఆ అంకె దేనిది? ఒకరు చెప్పేది ఐదేళ్లకు కలిపి ఇచ్చిన హామీ. ఇంకొకరిది ఈ ఏడాది విడుదల. మరొకరిది అమలు చేసే కాంట్రాక్టర్‌కు పంపిన మొత్తం, అందులో వాళ్ల దేశంలో కూర్చున్న కన్సల్టెంట్ల ఫీజులు కూడా కలిసి ఉంటాయి. పైగా క్యాలెండర్లు వేరు. అమెరికా ప్రభుత్వ ఆర్థిక సంవత్సరం అక్టోబర్‌లో మొదలవుతుంది, జపాన్‌ది ఏప్రిల్‌లో, ప్రపంచ బ్యాంకుది జులైలో. యూరప్‌లో చాలామంది జనవరి. వీటన్నిటినీ కూడితే వచ్చేది ఏ దేశానికీ, ఏ సంవత్సరానికీ చెందని అంకె.

కాబట్టి ఒకే ఫారం పంపండి. అందులో హామీ, విడుదల, నిజంగా అయిన ఖర్చు అనే మూడు గడులు వేరుగా ఉండాలి. మీ ఆర్థిక సంవత్సరంలోని త్రైమాసికాల వారీగా అడగండి. ఏ జిల్లా, ఏ పని, డబ్బు ఖజానా ద్వారా వస్తుందా, బయటినుంచి బయటికే పోతుందా అనేవి కూడా రాయమనండి. ఇవ్వనివాళ్ల లెక్కలు కొంతవరకు ఐఏటీఐలో దొరుకుతాయి. దాతలు తమ ఖర్చుల్ని ఒకే పద్ధతిలో బయటపెట్టేందుకు 2008లో మొదలైన ఏర్పాటు అది. అందులో అంకె చూసుకుని "మీరు ఇంత పెడుతున్నట్టు అక్కడుంది, మా దగ్గర మాత్రం ఖాళీగా ఉందండీ" అని మర్యాదగా ఒక మెయిల్ పెడితే, మిగతా లెక్కలు రెండు రోజుల్లో వస్తాయి. మర్యాదగానే రాయండి. కాపీ మాత్రం మీ కార్యదర్శి గారికి పెట్టండి.

షీటు తయారైతే ఏం కనిపిస్తుంది? దాదాపు ఎప్పుడూ ఇదే: రాజధానికి దగ్గరగా, విమానాశ్రయం ఉన్న జిల్లాల్లో నలుగురైదుగురు దాతలు ఒకరి కాళ్లు ఒకరు తొక్కుకుంటూ ఉంటారు. దూరంగా ఉన్న జిల్లా పక్కన వరస సున్నాలు. ఈ ఒక్క పేజీ ప్రింట్ తీసి మంత్రి గారి ముందు పెట్టండి. ఏ వర్క్‌షాపూ చేయలేని పని అది చేస్తుంది.

సమన్వయం లేకపోతే భారం ఎక్కడ పడుతుందో ఒకసారి దగ్గర్నుంచి చూశాను. ఒక ఆరోగ్య కేంద్రానికి తనిఖీకి వెళ్లాను. అక్కడ నర్సమ్మ బల్ల మీద ఏడు రిజిస్టర్లున్నాయి. ఒకటి ప్రభుత్వానిది, మిగతా ఆరూ ఆరు వేర్వేరు ప్రాజెక్టులవి. వచ్చిన బిడ్డ ఒకడే. ఒక రిజిస్టర్ వయసు నెలల్లో అడుగుతుంది, ఇంకొకటి "ఐదేళ్లలోపు" దగ్గర టిక్కు అడుగుతుంది, మూడోదానికి పుట్టిన తేదీ కావాలి. తల్లి వయసు ఒకదాంట్లో 15 నుంచి 24 గడి, మరొకదాంట్లో 15 నుంచి 19. ఆమె ఎడమచేత్తో బిడ్డను పట్టుకుని కుడిచేత్తో రాస్తోంది. ప్రాజెక్టుల రిజిస్టర్లన్నిటికీ అట్టల మీద రంగురంగుల లోగోలు, ప్రభుత్వ రిజిస్టర్‌కి అట్టే లేదు. "ఇందులో ఏది ముందు నింపుతారమ్మా?" అని అడిగాను. "ఎవరి మనిషి ముందు వస్తాడంటే వాళ్లది సార్" అంది. మా శాఖ అసలు ప్రాధాన్య క్రమం ఏమిటో ఆ రోజు తెలిసింది నాకు.

హెచ్ఐవీ కార్యక్రమాల్లో ఇదే గోల ముదిరిపోయి, 2004లో "మూడు ఒకట్లు" అనే సూత్రం మీద దాతలు, దేశాలు ఒప్పుకున్నారు: ఒక కార్యాచరణ ప్రణాళిక, ఒక సమన్వయ సంస్థ, ఒక పర్యవేక్షణ విధానం. ఇథియోపియా ఆరోగ్య శాఖ దాన్నే "ఒక ప్రణాళిక, ఒక బడ్జెట్, ఒక నివేదిక" అని తన నినాదం చేసుకుంది. నా సలహా అడిగితే, ఈ మూడింట్లో నివేదికతో మొదలుపెట్టండి. ప్రణాళిక ఒకటి చేయడమంటే అధికారాల తగాదా. బడ్జెట్ ఒకటి చేయడమంటే దాతల ఆడిటర్లు అడ్డం పడతారు. రిజిస్టర్ ఒకటి చేయడానికి మాత్రం పెద్దగా ఎవరూ అడ్డు చెప్పరు. మేం ఏడింటిని రెండుకు తెచ్చాం. ఒకటికి తేలేకపోయాం, ఒక సంస్థ ఒప్పుకోలేదు. సరే అనుకున్నాం.

ఇప్పుడు వద్దనడం గురించి. ప్రపంచస్థాయిలో దీని మీద పత్రాలకు లోటు లేదు. 2005లో పారిస్ ప్రకటన వచ్చింది. దేశమే సారథిగా ఉండాలి, దాతలు ఆ దేశం ప్రణాళికకూ వ్యవస్థలకూ తగ్గట్టు నడుచుకోవాలి, వాళ్లలో వాళ్లు కలిసి పనిచేయాలి, ఫలితాలు చూడాలి, ఇద్దరూ ఒకరికొకరు జవాబు చెప్పుకోవాలి. మాటలన్నీ బంగారం. 2010 నాటికి చేరాల్సిన లక్ష్యాలు పదమూడు పెట్టుకున్నారు. తీరా లెక్క చూస్తే చేరింది ఒకటే, అది సాంకేతిక సహకారాన్ని కలిసి నడిపే లక్ష్యం. ఆ ప్రకటన తర్వాత ఇదే విషయం మీద 2008లో అక్రా, 2011లో బూసాన్ సమావేశాలు జరిగాయి. ఈ పత్రాలు పనికిరావని నేననను. దాతతో మాట్లాడేటప్పుడు "మీరు సంతకం పెట్టిందే కదా" అనడానికి బాగా పనికొస్తాయి. అంతకంటే ఎక్కువ ఆశించకండి.

పనిచేసిన చోట్ల ఏం జరిగిందో చూస్తే, దాదాపు అన్నిచోట్లా వద్దనగలిగిన ఆఫీసు ఒకటి ఉంది. బోట్స్‌వానా స్వతంత్రమైన తొలి దశాబ్దాల్లో ఆర్థికం, ప్రణాళిక రెండూ ఒకే మంత్రిత్వ శాఖలో ఉండేవి. జాతీయ ప్రణాళికలో లేని ప్రాజెక్టుకు సాయమైనా సరే తీసుకునేవారు కాదు. రువాండా 2006లో సాయం మీద విధానం రాసుకుంది. కొన్నేళ్లకు ఒక్కో దాత మూడు రంగాలకు మించి వేలు పెట్టకూడదని పంచింది. అంతటితో ఆగక, దాతలు ఇచ్చిన మాట నిలబెట్టుకున్నారా లేదా అని ఏటా వాళ్లకే మార్కులు వేయడం మొదలుపెట్టింది. టాంజానియా బడ్జెట్ తయారయ్యే నెలల్ని "నిశ్శబ్ద కాలం" అని ప్రకటించి, ఆ రోజుల్లో మిషన్లు, అంటే దాతల ఆఫీసుల నుంచి వచ్చే బృందాలు, రావద్దంది. వినడానికి చిన్న విషయం. కానీ బడ్జెట్ వారంలో వచ్చిన నాలుగు మిషన్లకు కూర్చోబెట్టి లెక్కలు అప్పజెప్పినవాడికి తెలుస్తుంది దాని విలువ.

ఇండియా 2003లో చిన్న దాత దేశాల్ని నేరుగా ప్రభుత్వానికి ఇచ్చే సాయం ఇక చాలంది, కావాలంటే స్వచ్ఛంద సంస్థల ద్వారా, బహుళదేశాల సంస్థల ద్వారా ఇచ్చుకోమంది. ఈ ఉదాహరణ చూపించి "మనమూ అలాగే అందాం" అనేవాళ్లు తగులుతారు. అంత పెద్ద ఆర్థిక వ్యవస్థకు ఆ సాయం లెక్కలోది కాదు కాబట్టి సాగింది. ఆరోగ్య బడ్జెట్లో సగం బయటినుంచి వచ్చే దేశం అలా అంటే మందులు ఆగిపోతాయి. మీ బలం ఎంతో చూసుకుని గొంతు పెంచండి.

నేను వద్దన్న సందర్భం ఒకటి చెప్తాను. ఒక దాత సంస్థ శిక్షణా కేంద్రం కట్టిస్తానంది. మూడంతస్తులు, హాస్టల్, ఆడిటోరియం. డబ్బు పూర్తిగా గ్రాంటు, అప్పు కాదు. అందరి ముఖాల్లో వెలుగు. నేను ఆ రెండో అంకె అడిగాను: ఏటా నడపడానికి ఎంత? అధ్యాపకుల జీతాలు, కరెంటు, కాపలా, మరమ్మతులు కలిపి వేసి చూస్తే, అప్పటికే ఉన్న రెండు కేంద్రాలకు మేమిస్తున్నదానికంటే ఎక్కువ తేలింది. ఆ రెండూ అప్పటికే కప్పులు కారుతున్నాయి. "కొత్తది వద్దు, ఆ డబ్బుతో పాతవి రెండూ బాగుచేసి, మూడేళ్లు నడిపే ఖర్చు ఇవ్వండి" అని రాశాం. ఆరు నెలలు ఉలుకూ పలుకూ లేదు. మా పై అధికారి రోజూ నా వైపు అదోలా చూసేవారు, టెన్షన్ మామూలుగా లేదు. చివరికి వాళ్లు ఒప్పుకున్నారు, కాకపోతే మూడేళ్లకు బదులు రెండేళ్లకు.

వద్దనలేక మునిగింది కూడా ఉంది. ఒక సమాచార వ్యవస్థ, అంటే సాఫ్ట్‌వేర్, సర్వర్లు, ట్యాబ్లెట్లు, అన్నీ ఉచితం అన్నారు. సంతకం పెట్టించింది నేనే. ప్రాజెక్టు నడిచినన్నాళ్లూ అద్భుతం. అయ్యాక లైసెన్సు ఫీజు ఎవరు కట్టాలన్న ప్రశ్న వచ్చింది. మా బడ్జెట్లో ఆ పద్దే లేదు. ప్రాజెక్టు జీతం మీద పనిచేసిన ఇంజనీర్లు ఇంకో దాత దగ్గరికి వెళ్లిపోయారు. సర్వర్ గదికి ఏసీ ఆగిపోయింది. ఏడాది తర్వాత ఆ గది స్టేషనరీ స్టోరు అయింది. ఉచితంగా వచ్చినదానికి ఐదో ఏట ఎవరు బిల్లు కడతారో రాతలో లేకపోతే సంతకం పెట్టకండి.

దాతలు ఎందుకిలా చేస్తారో కూడా అర్థం చేసుకోండి, అప్పుడు బేరం సులువు. అవతలి కుర్చీలో ఉన్న మనిషికి ఏడాది చివరికల్లా డబ్బు ఖర్చు కావాలి, లేకపోతే వచ్చే ఏడాది కోత. వాళ్ల పార్లమెంటుకు "మా డబ్బుతో ఇన్ని బడులు" అని చూపించాలి. అందుకే ఉమ్మడి నిధిలో కలపమంటే జంకుతారు. లోగో మీద పట్టుదల చిన్నపిల్లల తగాదాలా కనిపిస్తుంది గానీ వెనుక ఉన్న భయం నిజమైనదే. మీరు ఇవ్వగలిగింది ఇవ్వండి: వాళ్ల వాటా ఎంతో చెప్పే ఒక మంచి నివేదిక, సకాలంలో ఆడిట్, ప్రారంభోత్సవంలో ఒక కుర్చీ. అడగాల్సింది గట్టిగా అడగండి: వచ్చే మూడేళ్లకు ఎంత ఇస్తారో బడ్జెట్ తయారీకి ముందే రాతపూర్వకంగా, ప్రత్యేక ప్రాజెక్టు ఆఫీసు పెట్టకుండా మీ శాఖ సిబ్బందితోనే అమలు, మీ సిబ్బందిని ఎక్కువ జీతం చూపి లాక్కోకుండా ఒక ఒప్పందం.

ఇప్పుడు జాగ్రత్తలు. ఇక్కడ నా మాటను నేనే కాస్త కోయాలి.

డబ్బంతా ఖజానా ద్వారానే రావాలని పట్టుబట్టకండి. మొజాంబిక్‌లో పద్నాలుగు దాతలు నేరుగా బడ్జెట్‌కే సాయం ఇచ్చేవారు, పుస్తకాల్లో చెప్పినట్టే. 2016లో ప్రభుత్వ కంపెనీల పేరుతో పార్లమెంటుకు కూడా చెప్పకుండా తీసుకున్న భారీ అప్పులు బయటపడ్డాయి. దాతలు ఆ సాయాన్ని ఒక్కసారిగా ఆపేశారు. అప్పు చేసింది కొందరైతే జీతాలకు, మందులకు తడుముకున్నది మిగతా దేశం. కొంత ఖజానా ద్వారా, కొంత ప్రాజెక్టుల ద్వారా, కానీ అంతా షీటు మీద కనిపించేలా ఉంటే మేలు.

పూర్తిగా బయటే నడిస్తే ఏమవుతుందో 2010 భూకంపం తర్వాత హైతీ చూపించింది. అత్యవసర సాయం డబ్బులో ఒక్క శాతం కూడా ప్రభుత్వం చేతికి రాలేదు. ప్రభుత్వం బలహీనంగా ఉందని పక్కనపెట్టారు, పక్కనపెట్టడంతో ఇంకా బలహీనపడింది. దీనికి ఎదురుగా 2004 సునామీ తర్వాత ఇండోనేషియా తన ఏచే ప్రాంతం పునర్నిర్మాణానికి బీఆర్ఆర్ అనే సంస్థ పెట్టింది. నాలుగేళ్లే ఆయుష్షు, మంత్రిత్వ శాఖ స్థాయి హోదా, దాతల, స్వచ్ఛంద సంస్థల ప్రాజెక్టులు చూసి ఆమోదించే అధికారం. 2009లో అనుకున్న ప్రకారం మూసేశారు. సమన్వయ సంస్థ తన గడువుకు తానే తలుపులు వేసుకోవడం అరుదు.

ఇంకో చిక్కు ఉంది. ప్రభుత్వ ప్రాధాన్యమే తప్పైతే? ఒక వర్గాన్నో ప్రాంతాన్నో కావాలని జాబితాలోంచి తీసేస్తే? దాత వైపు ఉన్నప్పుడు నాకిది ఎదురైంది. మేం ఆ ప్రాంతంలో స్వచ్ఛంద సంస్థ ద్వారా పనిచేశాం, ప్రభుత్వానికి దాచకుండా చెప్పే చేశాం. సుఖంగా ఏమీ లేదు, వీసాలు ఆలస్యమయ్యాయి. అయినా మళ్లీ అదే చేస్తాను. ప్రభుత్వ ఉద్యోగిగా మీకు ఆ వెసులుబాటు తక్కువ. కనీసం మీ షీటులోంచి ఆ జిల్లా వరసను ఎవరూ తీసేయకుండా చూడండి.

2025లో జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. జనవరిలో అమెరికా విదేశీ సాయాన్ని ఆపింది, జులై మొదటికల్లా ఆ సాయం నడిపే సంస్థ యూఎస్ఎయిడ్ మూతబడింది. ఏ క్లినిక్‌లో ఎవరి జీతం, ఏ మందు ఆ డబ్బుతో వస్తోందో రాసిపెట్టుకున్న శాఖలు ముందు దేన్ని కాపాడుకోవాలో వెంటనే నిర్ణయించుకోగలవు. రాసిపెట్టుకోనివాళ్లకు తెలిసేది తలుపులు మూసి ఉండటం చూశాకే. అందుకే షీటులో ఇంకో గడి కలపండి: "ఈ దాత రేపు వెళ్లిపోతే ఏది ఆగుతుంది?"

ఇక కమిటీ. అధ్యక్షత మీ శాఖదే ఉండాలి, దాతలతో వంతులు వద్దు. ఎజెండా మీరే రాయాలి. స్లైడ్లు వద్దు, వారం ముందు పంపిన ఆ షీటు చాలు. ప్రతి సమావేశంలో మూడు నిర్ణయాలకు మించకుండా, ఒక్కోదాని పక్కన ఒక పేరు, ఒక తేదీ. కిందటిసారి నిర్ణయాలు ఏమయ్యాయో చదవడంతోనే మొదలుపెట్టండి. మొదటిసారి గది నిండుగా ఉంటుంది. రెండోసారి నుంచి పెద్దవాళ్లు జూనియర్లను పంపిస్తారు. అప్పుడు నిర్ణయాలు వాయిదా వేయకుండా తీసుకోండి, మూడోసారికి పెద్దవాళ్లే వస్తారు.

మీ పై అధికారికి కమిటీ వద్దని చెప్పకండి. "కమిటీ ముందు పెట్టడానికి కాగితం తయారు చేస్తున్నాను సార్, ఆరు వారాలు ఇవ్వండి" అనండి. ఆ ఆరు వారాల్లో ఫారాలు పంపి, వచ్చినవి వచ్చినట్టు నింపుతూ పోండి. మొదటిసారి లెక్కలు కలవవు, కంగారు పడొద్దు. మాకు నాలుగో విడతకు కలిశాయి, అది కూడా ఒక సంస్థ తన అంకెను డాలర్లలోనా యూరోల్లోనా ఇచ్చిందో కనుక్కున్నాకే.